పంకా తిరిగినంతమాత్రమున

విద్యార్థులారా, ఏటేట మీ తప్పులను దిద్దు మేము ఈ సంవత్సరము మా తప్పు నొకదానిని దిద్దుకొనవలసి వచ్చెను. ఆ వృత్తాంతమును మీకు దెలుపుట మా ధర్మమని తలంచి వ్రాయుచున్నాము.

గడచిన జూన్ మాసమున నొక యుదయమున కార్యాలయపు కంప్యూటరు పనిచేయక నిలిచిపోయెను. పదియవ తరగతి ముగించినవారి బదిలీ పత్రముల వివరములన్నియు దానియందే యుండెను. పత్రములకై వచ్చిన తల్లిదండ్రులు వరండాలో వేచియుండిరి. ఆ యుదయమున మా యాజ్ఞమీద దాని బొత్తామును నొక్కినవాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు.

మన కరీంనగరమునకు రామగుండము దూరము గాదు. అచ్చట 1983 నుండి నడచుచున్న ఎన్.టి.పి.సి. కేంద్రము బొగ్గును మండించి 2600 మెగావాట్ల విద్యుత్తును పుట్టింపగలదు. అయినను గోడసాకెట్టున లభించు 230 వోల్టుల ప్రవాహమును కంప్యూటరు తిన్నగా సహింపజాలదు. పెట్టె వెనుక భాగమున నుండు ‘పవర్ సప్లై’ యను డబ్బా, దిశలు మారుచుండు ఆ ప్రవాహమును ఏకదిశకు మార్చి, 12, 5, 3.3 వోల్టులుగా లోపలి యంగములకు పంచిపెట్టును.

మేము క్రమముగనే పరీక్షింప బూనితిమి. సాకెట్టునకు బల్లదీపమును తగిలింపగా వెలిగెను. కంప్యూటరు తీగను మార్చి చూచితిమి, ఫలము లేదు. వెనుకటి మీట వేసియే యుండెను. పిమ్మట విద్యుత్తును తీసివేసి, డబ్బానుండి వచ్చు 24 రంధ్రముల ప్లగ్గును బోర్డునుండి విడదీసి, అందలి ఆకుపచ్చ తీగను నల్లతీగతో కాగితపు క్లిప్పుచే గలిపి, మరల విద్యుత్తు నిచ్చితిమి. డబ్బాలోని పంకా గిఱ్ఱున తిరిగెను.

పంకా తిరిగెను గనుక డబ్బా బాగుగనే యున్నది. కావున బోర్డు చెడినది. చెడగొట్టినవాడు బొత్తామును నొక్కినవాడే యని మేము నిశ్చయించితిమి. తరగతి యెదుట వానిని నిలువబెట్టి గద్దించితిమి. “నేనేం జెయ్యలే సార్, మీరు చెప్పినట్టే ఒత్తిన” అని వాడు మొఱపెట్టుకొనెను. మేము వినలేదు.

పిదప రెండు దినములు వాడు బడికి రాలేదు. మూడవనాడు వాని తల్లి బీడీల పని విడిచి వచ్చి, గడప కావల నిలిచి, “కంప్యూటర్ పైసలు మేం గట్టాల్నా సార్? పోరడు రెండు దినాల సంది బువ్వ సుత తింటలేడు” అని యడిగెను. మాకు నోట మాట రాలేదు.

ఆ సాయంకాలమే, పట్టణమున మరమ్మతు దుకాణము నడుపుచున్న మా పూర్వవిద్యార్థి నొకనిని పిలిపించితిమి. అతడు పంకావంక చూడనేలేదు, మీటరును దీసెను. 12 వోల్టులు చూపవలసిన పసుపుతీగపై 10.2 మాత్రమే చూపెను. నూటికి 5 పాళ్లకు మించిన హెచ్చుతగ్గు పనికిరాదు, అనగా 11.4కు తగ్గరాదు. “పంకకు గిది సాలు సార్, బోర్డుకు సాలదు” అని యతడనెను. వేఱొక డబ్బాను తగిలింపగా కంప్యూటరు వెంటనే పనిచేసెను. బదిలీ పత్రములు ఆ రాత్రియే సిద్ధమయ్యెను.

పాతడబ్బాను అతడు తన దుకాణమున విప్పి చూపగా, రెండు కెపాసిటర్లు ఉబ్బి యుండెను. గాలిరంధ్రములను ధూళి మూసివేయగా, మన వేసవి వేడిమి ఏండ్లతరబడి వానిని క్షీణింపజేసినది. మీరెవ్వరును ఇట్టి డబ్బాను విప్పరాదు. తీగ నూడదీసిన పిమ్మటను అందు 300 వోల్టులకు మించిన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండవచ్చును.

మరునాడు మేము ఆ బాలుని యింటికి బోయి వెంటబెట్టుకొని వచ్చితిమి. నేరమును తరగతి యెదుట మోపితిమి గాన, క్షమాపణయు తరగతి యెదుటనే వేడితిమి. సగము పరీక్ష చేసి పూర్తి తీర్పు చెప్పితిమని యొప్పుకొంటిమి.

ఇప్పుడు కార్యాలయమున నొక మీటరు గలదు. నెలకొకసారి పూర్వవిద్యార్థి వచ్చి కొలుచునపుడు, అంకెను బిగ్గరగా చదువువాడు ఆ బాలుడే. మేము ప్రక్కన గూర్చుండి పుస్తకమున వ్రాసికొందుము.