పువ్వు కాదు తమ్ముడూ, తెరేసమ్మ!

పొద్దున ఏడున్నరకు ఉప్పల్ రింగ్ రోడ్డు చూశారా ఎప్పుడైనా? వరంగల్ రూటు బస్సులు దిగేవాళ్లు, మెట్రో మెట్లు దిగేవాళ్లు, పావుగంటలో పంచ్ కొట్టకపోతే హాఫ్ డే పోయేవాళ్లు. నేనూ అందులో ఒకడినే. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్యాకింగ్ యూనిట్‌లో పని.

ఉప్పల్‌లో లిటిల్ ఫ్లవర్ జూనియర్ కాలేజీ అంటే తెలియనివాళ్లు తక్కువ. ఏదో పువ్వు పేరనే అనుకున్నా ఇన్నేళ్లూ. మా లైన్‌లో పనిచేసే ఒక అక్క నవ్వింది. ‘‘పువ్వు కాదు తమ్ముడూ, మా చిన్న తెరేసమ్మ’’ అంది. ఆ రోజు షేర్ ఆటోలో ఫోన్ తీసి చదవడం మొదలెట్టా.

1873లో ఫ్రాన్స్‌లో పుట్టింది. 15 ఏళ్లకే లిజ్యూ అనే ఊళ్లో కార్మెల్ మఠంలో చేరింది. 1897లో టీబీతో పోయింది, అప్పటికి 24 ఏళ్లే. 1925లో పునీతురాలిగా ప్రకటించారు. మిస్టిక్ అంటే దర్శనాలు, గాల్లో తేలడాలు అనుకుంటాం కదా. నాకు పట్టుకున్నవి మాత్రం వేరే. బట్టలుతికేటప్పుడు ఎదురుగా ఉన్న సిస్టర్ మురికినీళ్లు ఈమె మొహం మీద చిమ్మేది. ప్రార్థనలో వెనక ఒకామె టకటక చప్పుడు చేసేది. ఒక్కసారి తిరిగి చూస్తే ఆగిపోయేదే. తెరేసమ్మ తిరగలేదు. చెమటలు పట్టేదాకా ఓర్చుకుని, చివరికి ఆ చప్పుడునే సంగీతంలా వినడానికి ప్రయత్నించింది.

నా పక్క మెషీన్ అతను రీల్స్ ఫుల్ సౌండ్‌లో పెడతాడు. రెండు రోజులు పళ్లు బిగబట్టా. మూడో రోజు ‘‘పాట బాగుందన్నా, ఏ సినిమాది?’’ అన్నా. అతనే సౌండ్ తగ్గించాడు!

అయితే అన్నీ ఓర్చుకోవాలంటే నేనొప్పుకోను. నాకు రెండు నెలల ఓటీ డబ్బులు రావాలి. అసలు తెరేసమ్మ కూడా అంత నోరులేనిదేం కాదు. 14 ఏళ్లప్పుడు, 1887లో, రోమ్ వెళ్లింది. పోపుతో ఎవరూ మాట్లాడొద్దని ముందే చెప్పారు. ఈమె పదమూడో లియో పోపు ముందు మోకరిల్లి, 15 ఏళ్లకే మఠంలో చేరనివ్వమని అడిగేసింది. గార్డులు లేపి పక్కకు తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆ రోజు సరే అనలేదు. తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో మఠంలో అడుగుపెట్టింది.

నిన్న షిఫ్ట్ అయ్యాక నేనూ ఆ రీల్స్ అన్నా కలిసి ఓటీ లెక్క కాగితం మీద రాసుకుని ఆఫీసు రూం ముందు నిలబడ్డాం.

సోమవారం రమ్మన్నారు.