పాత బాయిలర్ ఉండనివ్వండి!

మేముండే అమెరికాలోని మిన్నెసోటాలో చలికాలం కొన్ని రాత్రులు సున్నాకి 25 డిగ్రీల కిందికి పోతుంది. గ్యాసు ఖర్చు తగ్గుతుందని మావారు పెరటి చివర కట్టెల బాయిలర్ పెట్టించారు. మన స్నానాల రాగి బాయిలర్‌కి పెద్దన్న అనుకోండి. మధ్యలో మంట, చుట్టూ నీళ్ళు. ఆ వేడినీళ్ళు భూమిలో పూడ్చిన గొట్టాల్లోంచి ఇంట్లోకొస్తాయి.

వాటిని ఇంట్లోని హీటింగ్ గొట్టాల్లోకి తిన్నగా వదలరు. బయటి నీళ్ళకి ఒత్తిడి ఉండదు, ఇంటి నీళ్ళకి ఉంటుంది. అందుకని మధ్యలో పల్చటి స్టీలు రేకుల పెట్టె బిగించారు. వేడినీళ్ళ గిన్నెలో పాలగిన్నె పెట్టినట్టు, వేడి దాటుతుంది గానీ నీళ్ళు కలవవు.

"ఇంక గ్యాసు బాయిలర్ ఎందుకు, తీయించేద్దాం" అన్నారు మావారు. నేను ససేమిరా అన్నాను. ఆయన ఊరెళితే రోజుకి రెండుసార్లు మంచులో నడిచెళ్ళి కట్టెలు వేయాల్సింది నేనే కదా! నాకు జ్వరమొస్తే? మంట ఆరి ఇల్లు చల్లబడితే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి అవి పగులుతాయి. పాతది ఉంటే బయటి నీళ్ళు చల్లారగానే అదే అందుకుంటుంది. చివరికి ఉంచారు.

కరెంటు పోతే మాత్రం పంపు తిరగదు, రెండూ ఆగిపోతాయి. అందుకే చిన్న జనరేటర్ కూడా కొనిపించాను.

ఇంకోమాట. పచ్చికట్టెలు వేస్తే వేడి తక్కువ, పొగ ఎక్కువ. ఆ పొగ పోయేది పక్కింటివాళ్ళ మీదికే. ఏడాది ముందే కొట్టించి ఆరబెట్టుకోవాలి.