తాండూరు బండిలో రాతి చారు

పొద్దున తాండూరు నుంచి వచ్చే బండి వికారాబాద్‌లో ఆగేసరికే కిక్కిరిసి ఉంటుంది. కూరగాయల గంపలు, పాల క్యాన్లు, వాటి మధ్య ల్యాప్‌టాప్ బ్యాగులతో లింగంపల్లిలో దిగాల్సిన సాఫ్ట్‌వేర్ పిల్లలు. నిజాం రాజ్యాన్ని వాడి దగ్గర బొంబాయి లైనుకు కలపడానికి 1874లో వేసిన దారి ఇది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచాక దీనికి కొత్త గిరాకీ వచ్చింది. ఆ పిల్లల చేతుల్లో ఎక్కువగా ఫోనే. ఎప్పుడైనా పుస్తకం కనిపిస్తే మాత్రం మెడ చాచి అట్ట మీది పేరు చదవందే నాకు తోచదు.

ఈ వృత్తి పుస్తకాల్లో చాలావాటికి ఆయుష్షు తక్కువ. విజువల్ బేసిక్ 6 నేర్పిన లావుపాటి పుస్తకాలు ఒకనాడు ఉద్యోగాలు ఇప్పించాయి. ఇప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వాటిని బేరమాడేవాడు లేడు. కెర్నిఘన్, రిచీ 1978లో రాసి 1988లో సవరించిన సి పుస్తకం మూడొందల పేజీలైనా ఉండదు, ఇవాళ్టికీ చదువుతున్నారు. ఇంటర్వ్యూ గట్టెక్కించడంలో అమీర్‌పేట జిరాక్సు నోట్సుకు సాటి లేదు. కాని చేరిన మర్నాటి నుంచి ఆఫీసులో ఎలా నెగ్గుకురావాలో అది చెప్పదు.

ఆ సంగతులు చెప్పేది ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో తెచ్చిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’. అందులో రాతి చారు కథ ఉంది. ఆకలితో వచ్చిన సైనికులకు ఊళ్లో ఎవరూ తలుపు తీయరు. వాళ్లు కుండలో నీళ్లు పోసి రాళ్లు ఉడకేస్తారు. వింత చూడ్డానికి వచ్చినవాళ్లు తలా ఒక కూరగాయ తెచ్చి వేస్తారు, చారు తయారవుతుంది. పెద్ద పనికి ముందే అనుమతి అడిగితే ఎవరూ కదలరు, చిన్నది చేసి చూపిస్తే తలో చెయ్యి వేస్తారని నీతి. ఇది విని నాపరాళ్ల ఊరి కుర్రాడొకడు, “మా తాండూర్ల రాళ్లకేం కరువు సార్, కందిపప్పే పిరం” అన్నాడు.

అదే పుస్తకంలో ఇంకో చిట్కా. తప్పు దొరక్కపోతే బల్ల మీద రబ్బరు బాతును పెట్టుకుని కోడ్‌ను వరసగా దానికి వివరించమంటారు. ధారూర్ దాటాక ఒకసారి బండిలో ఒక కుర్రాడికి ఆ బాతు అవసరం లేకుండానే పని జరిగింది.

“ఏమాయె బిడ్డా, గట్ల మొఖం పెట్టినవ్?” అంది గంప పక్కన కూర్చున్న ముసలమ్మ.

“పైసలు రెండుసార్లు కట్ అయితున్నయ్ అవ్వా. బటన్ ఒక్కసారే నొక్కుతుండ్రు.”

“మరి రెండోసారి ఎవలు నొక్కుతుండ్రు?”

కుర్రాడు నోరు తెరిచి ఆగిపోయాడు. జవాబు ఆలస్యమైతే ప్రోగ్రామే మళ్లీ పంపుతోంది. మొదటిది అందిందో లేదో అటువైపు చూసుకునే దిక్కు లేదు. గబగబా ల్యాప్‌టాప్ తీశాడు. బాతు ఎదురు ప్రశ్న వేయదు కదా!

ఐబీఎంలో ఓఎస్/360 తయారీని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ రాశాడు. ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని చేరిస్తే మరింత ఆలస్యమవుతుందన్నాడు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనని మనవాళ్లు ఎన్నడో అన్నారు. బ్రూక్స్ దానికి కారణం, లెక్క చూపించాడు. కొత్తవాళ్లకు నేర్పే పని పాతవాళ్ల నెత్తిన పడుతుంది. పైగా అయిదుగురి మధ్య మాటలు నడవాల్సిన జతలు 10 అయితే, పదిమందికి 45. సామెతకు నవ్వి ఊరుకునే మేనేజరు 45 అనే అంకె దగ్గర కాస్త ఆగుతాడు.

ఈ పుస్తకాలు కొనమని నేను చెప్పేది అందుకే. వీటిలో సగం సంగతులు బుద్ధిమంతులకు ముందే తెలుసు. అయితే నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు మీటింగులో తనకు తెలిసింది చెబితే ఎదురు మాట అంటారు, బ్రూక్స్ పేరు చెప్పి అంటే వింటారు. తెలుగులో ఇలాంటి పుస్తకం రాయగలవాళ్లు ఆ బండిలోనే వెళ్తున్నారు. “ఎప్పటికి అవుతుంది?” అని మేనేజరు అడిగితే ఏం చెప్పాలో, మొదటి అధ్యాయం దాని మీదే రాయాలి.