అవసర ఇల్ల

బెంగళూరులో మేం అద్దెకుండే ఇంటి ఓనరు ఆంటీకి తెలుగు రాదు. మా అమ్మకి కన్నడ రాదు. అయినా అమ్మ నా దగ్గరున్న మూడు నెలలూ ఇద్దరూ సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర మెట్ల మీద కూర్చుని గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఎవరి భాష వాళ్ళదే. మధ్యలో నవ్వులు కూడా వినిపించేవి. ఏం అర్థమవుతుందమ్మా అని అడిగితే, "అర్థం కాకపోవడానికి ఏముందిరా, ఇద్దరివీ మోకాళ్ళ నొప్పులే కదా" అనేది.

అమ్మ మే నెలలో వచ్చింది. వచ్చిన వారంలోనే మాగాయకి ముక్కలు కోసి ఉప్పులో వేసింది. ఆ సాయంత్రం ఆంటీ మామూలుగా "ఊట ఆయ్తా?" అని పలకరించారు. "ఇంకా లేదండీ, రేపటికి బాగా వస్తుంది" అని అమ్మ జవాబు. రేపటిదాకా ఈవిడ అన్నం తినదా అని ఆంటీ కంగారుపడి పళ్ళెంలో చిత్రాన్నం పెట్టుకుని పైకొచ్చారు. ఆవిడ అడిగింది భోజనం సంగతి, అమ్మ చెప్పింది మామిడి ముక్కల్లోంచి దిగే ఊట సంగతి. నేను విడమరిచి చెప్పాక ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ తర్వాత ఎన్నోసార్లు ఫోన్లో మా పిన్నికి ఈ కథ చెప్పడం విన్నాను.

ఊట విషయంలో గొడవేం లేదు. కన్నడలో 'ఉణ్ణు' అంటే తినడం, అందులోంచి వచ్చింది వాళ్ళ ఊట. మనది 'ఊరు' అనే క్రియలోంచి వచ్చింది. రెండూ వేరే ఇళ్ళ పిల్లలు, పేరొక్కటే కలిసింది. ఒకే క్లాసులో ఇద్దరు శ్రీనివాసులున్నట్టు. మొదట్లో తికమకపడినా, ఒకసారి తెలిశాక మళ్ళీ పొరబడం. అసలు చిక్కంతా ఒకే ఇంట్లో పుట్టి వేరు కాపురాలు పెట్టిన మాటలతో వస్తుంది. అది నాకు ఆగస్టులో ఒక గురువారం తెలిసింది.

ఆరోజు మా టీంకి రిలీజు. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఆంటీ ఫోన్ చేశారు. "అమ్మంగె స్వల్ప తలె సుత్తు బంతు, క్లినిక్‌గె కర్కొండు బందిద్దీని" అన్నారు. అమ్మకి కళ్ళు తిరిగాయి, క్లినిక్‌కి తీసుకొచ్చాను అని. నాకు గుండె జారిపోయింది. "ఈగ పర్వాగిల్ల. అవసర ఇల్ల" అన్నారు వెంటనే. ఇప్పుడు ఫరవాలేదు, నువ్వు రావాల్సిన అవసరం లేదు. హమ్మయ్య అనుకున్నాను. ఆవిడ ఇంకేదో అంటున్నారు. "థాంక్స్ ఆంటీ, థాంక్స్" అని ఫోన్ పెట్టేసి మళ్ళీ స్క్రీన్‌లోకి తలదూర్చాను.

ఇల్లు చేరేసరికి రాత్రి పదిన్నర. అమ్మ మా ఇంట్లో లేదు. కింద ఆంటీ వాళ్ళ సోఫాలో కూర్చుని ఉంది. చేతి మీద సెలైన్ పెట్టిన చోట చిన్న దూది, ప్లాస్టరు. ఒంటరిగా పైకి పంపడానికి ఆంటీ ఒప్పుకోలేదట. "పనిలో ఉన్నావేమోలే అనుకున్నా" అంది అమ్మ. అంతకన్నా ఏమీ అనలేదు. ఆంటీ మాత్రం నన్ను కాస్త వింతగా చూశారు. కన్నడలో 'అవసర' అంటే తొందర. ఆవిడ చెప్పింది, కంగారుపడి ట్రాఫిక్‌లో బండి ఉరికించకు అని. ఐదు గంటల తర్వాత రమ్మని కాదు.

నేను అవసరం కథంతా చెప్పాను. తెలుగులో ఇలా, మీ భాషలో అలా అని. ఆంటీ "అయ్యో దేవరే" అని నెత్తి కొట్టుకున్నారు. అమ్మ కూడా నవ్వింది. ఊట కథకి నవ్వినంత కాదు.

ఆ వారాంతం నిఘంటువుల మీద పడ్డాను. ఇంజినీరింగ్ చదివినవాడికి తప్పు ఎక్కడ జరిగిందో తేలేదాకా నిద్ర పట్టదు. మా పనిలో కూడా ఇలాంటివి ఎదురవుతుంటాయి. రెండు సిస్టమ్స్‌లో ఒకే పేరున్న ఫీల్డు ఉంటుంది. ఇటువైపు కోడ్ సరైనదే, అటువైపు కోడ్ సరైనదే. ఎర్రర్ ఎక్కడా రాదు. డేటా మాత్రం తప్పుగా వెళ్తుంటుంది. తెలియని మాట వస్తే ఆగి అడుగుతాం. తెలిసిన మాట వస్తే ఎందుకు ఆగుతాం?

అవసరం సంస్కృతం మాట. 'సృ' అంటే కదలడం, ప్రవహించడం. ముందున్న 'అవ' అవతారంలో ఉన్న 'అవ'నే, కిందికి అని. అలా కిందికి దిగివచ్చినది, అంటే సందర్భం, తగిన సమయం. ఈ ఒక్క మాట దేశమంతా తిరిగి ఎక్కడికక్కడ ఎలా స్థిరపడిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. హిందీలో, మలయాళంలో అవకాశం. కన్నడలో, తమిళంలో తొందర. మనకి అక్కర. బెంగాలీకి వెళ్తే ఇదే మాటకి తీరిక అని అర్థం, ఉద్యోగ విరమణ అని కూడా. బెంగళూరులో పరుగులు పెట్టించే మాట కోల్‌కతాలో కాళ్ళు చాపుకుని కూర్చోమంటోంది!

ఇది ఎలా జరిగిందో నాకు నేను ఇలా చెప్పుకున్నాను. భాషాశాస్త్రం కాదు, వట్టి ఊహ. ఒక సమయం వచ్చి ముందు నిలబడింది. ఒకడికి అందులో అవకాశం కనిపించింది. ఇంకొకడికి ఖాళీ కనిపించింది. మరొకడికి అది దాటిపోతుందేమో అన్న కంగారు పుట్టింది. తెలుగువాడు మాత్రం, ఈ సమయం నా నుంచి ఏం కోరుతోంది అనుకున్నాడేమో. చూసిన సమయం ఒకటే.

ఈ మాటకి పక్కింట్లోనే ఉంటుంది 'అవకాశం'. సంస్కృతంలో చోటు, ఖాళీ అని. మనకది ఛాన్సు. హిందీలో సెలవు. మలయాళంలో హక్కు. మానవ హక్కులని వాళ్ళు మనుష్యావకాశాలంటారు. ఈ సంగతి లంచ్‌లో చెబితే మా టీం పగలబడి నవ్వింది. లక్నో వైపు మేనేజరుకి అవకాశ్ అంటే సెలవు, ఆయన ఇవ్వాలి. త్రిశూర్ అమ్మాయికి అది హక్కు, ఎవరూ ఇవ్వక్కర్లేదు. మధ్యలో నేను, దొరికితే అదృష్టం అనుకునే తెలుగువాణ్ణి. ముగ్గురి సెలవుల లెక్క చూస్తే అక్షరాలా అలాగే ఉంది.

ఇలాంటివి తవ్వేకొద్దీ వస్తాయి. వాళ్ళ ఉపన్యాస్ నవల, మన ఉపన్యాసం స్టేజీ మీద మైకు. కేంద్రంలోని శిక్షా మంత్రాలయ్ పేరు విని నవ్వుకోని తెలుగువాడుండడు. నన్ను కాసేపు ఆపిన జంట మాత్రం వేరే. మా తాతది వ్యవసాయం, నాది ఉద్యోగం. హిందీలో వ్యవసాయ్ అంటే వృత్తి, వ్యాపారం. ఉద్యోగ్ అంటే పరిశ్రమ. వెనక్కి వెళ్తే సంస్కృతంలో రెండూ దాదాపు ఒకటే: పట్టుదల, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వం అంటే యుద్ధానికి సన్నాహాలు చేసుకోవడమే కానీ ఎవరికీ ఆఫర్ లెటర్లు రావు. పొలం వద్దు, ఉద్యోగమే కావాలని మా ఇంట్లో ఒకప్పుడు ఎంత రభస జరిగిందో తలుచుకుంటే, ఇద్దరం ఒకే మాట కోసం కొట్లాడుకున్నామా అనిపించింది.

ఇలాంటి మాటల్ని ఫ్రెంచి వాళ్ళు 'దొంగ స్నేహితులు' అంటారు. 1928లో ఇద్దరు ఫ్రెంచి పండితులు ఇంగ్లీషులో తమని మోసం చేసే మాటలమీద ఒక పుస్తకమే వేశారు, ఆ పేరు అక్కడినుంచే ప్రచారంలోకి వచ్చింది. నాకు ఆ పేరు నచ్చలేదు. వీటిలో స్నేహమూ లేదు, దొంగతనమూ లేదు. మన దగ్గర దీనికి మంచి మాటుంది, దాయాదులు. తాత ఒక్కడే, ఆస్తి పంచుకున్నారు. ఎవరి వాటా వాళ్ళు తమకి తోచినట్టు వాడుకున్నారు. ముఖాల్లో పోలిక మిగిలింది. ఆ పోలిక చూసి మనం ఒకరింటికని బయల్దేరి ఇంకొకరింటి తలుపు కొడతాం. అది వాళ్ళ తప్పెలా అవుతుంది?

ఇంతవరకూ రాసి ఆపేస్తే వ్యాసం బావుండేది. తప్పంతా మాటమీదకి నెట్టేసి నేను హాయిగా బయటపడేవాణ్ణి. నిజానికి చాలామందికి ఈ కథ అలాగే చెప్పాను.

వినాయక చవితికి ఆంటీ వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఆ రోజు మాటలు మళ్ళీ వచ్చాయి. ఆంటీకి ఒక్క విషయం ఇప్పటికీ అర్థం కాలేదట. "నిధానవాగి బన్ని అంత హేళిద్నల్లా" అన్నారు. నిదానంగా రండి అని చెప్పాను కదా అని. అవసర ఇల్ల తర్వాత ఆవిడ ఇంకేదో అంటుండగా నేను ఫోన్ పెట్టేశానని చెప్పానే, ఆ మాట అది. నిదానం. రెండు భాషల్లోనూ అర్థం ఒకటే. 'బన్ని' అంటే రండి అని బెంగళూరులో దిగిన మొదటి వారమే తెలుస్తుంది. ఆ రెండు మాటలూ విని ఉంటే పొరబడేవాణ్ణి కాదు. వినలేదు. నాకు కావలసిన అర్థం అప్పటికే దొరికింది. ఆరేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నాను. ఆటో వాళ్ళు 'యాకె అవసర' అని విసుక్కోవడం ఎన్నిసార్లు విన్నానో. ఆ అర్థం నాకు తెలియదని ఒట్టు వేయలేను. ఆ సాయంత్రం నాకు పనికొచ్చే అర్థం ఇంకొకటి ఉంది, దాన్ని తీసుకున్నాను.

వైద్యంలో నిదానం అంటే రోగానికి మూలకారణం. మాధవ నిదానం అని ఆయుర్వేదంలో పెద్ద గ్రంథమే ఉంది. నిఘంటువులన్నీ తిరగేసిన నేను నా నిదానం ఏమిటో చూసుకోవడానికి నెల పట్టింది.

అమ్మ ఇప్పుడు ఊళ్ళో ఉంది. మొన్న ఫోన్లో కాస్త నీరసంగా మాట్లాడింది. ఈ శనివారం వస్తానమ్మా అన్నాను. "ఇప్పుడేం అవసరం లేదులేరా" అంది. అచ్చ తెలుగులోనే అంది. ఫోన్ పెట్టకుండా ఆగాను. కాసేపు తను కూడా పెట్టలేదు. "ఎన్ని గంటలకి బయల్దేరతావు?" అంది తర్వాత.