ఫైలు పేరులో మన భాష ఎక్కడ?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేము ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉన్నప్పుడు పదిమందికి ఒకటే ఫోను, అదీ దాచిపెట్టుకున్నది. సంతకు పోతే సెల్ షాపు అన్న 20 రూపాయలకు మెమరీ కార్డులో సినిమాలు ఎక్కించేవాడు. అది పైరసీ అని అప్పుడు మాకు తెలియదు. కార్డులో జాగా తక్కువ. తప్పు ఫైలు ఎక్కితే మళ్ళీ సంత దాకా అంతే. అందుకే ఫైలు పేరు చదవడం నేర్చుకున్నాం.

"అవతార్.2009.720పి.బ్లూరే.తెల్+తమ్+హిన్+ఇంగ్.ఎక్స్264.ఈసబ్.ఎంకేవీ"

చుక్క చుక్క దగ్గర విరిచి చదవాలి. 2009 సినిమా వచ్చిన ఏడు. 720పి అంటే బొమ్మలో పైనుంచి కిందికి 720 గీతలు. బ్లూరే అంటే డిస్కు నుంచి తీసింది. అక్కడే వెబ్-డీఎల్ అని ఉంటే ఓటీటీ నుంచి దించింది, హెచ్‌డీక్యామ్ అంటే థియేటర్లో కెమెరా పెట్టి తీసింది, ముందు సీట్లోవాళ్ళ తలకాయలు కూడా కనబడతాయి. ఎక్స్264 బొమ్మను కుదించిన పద్ధతి. ఎక్స్265 అయితే సైజు తగ్గుతుంది గానీ మా పాత ఫోన్లో ఆడేది కాదు. ఈసబ్ అంటే కింద ఇంగ్లీషు అక్షరాలు. చివరి చుక్క తర్వాతది ఫైలు రకం. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, అక్కడ ఏపీకే అని ఉంటే అది సినిమా కాదు, యాప్. నొక్కకండి, ఖాతాలో స్కాలర్‌షిప్ డబ్బులు పోవచ్చు.

మేము అన్నిటికంటే ముందు వెతికేది "తెల్". అయితే తెలుగు మాకు బడిలో వచ్చిన భాష, ఇంట్లో కోయ. అంటే మాకు తెలుగు సినిమా కూడా డబ్బింగే.

అవతార్‌లో అడవి కోసం కొట్లాడే నావి జనం ఉంటారు. వాళ్ళ భాషను పాల్ ఫ్రామర్ అనే భాషాశాస్త్రవేత్త ఆ సినిమా కోసమే తయారుచేశాడు. లేని జాతికి భాష పుట్టించారు. మన కోయ మాట్లాడేవాళ్ళు 2011 లెక్కల్లోనే 4 లక్షలకు పైన. తెలుగుకు టీఈఎల్ ఉన్నట్టే కోయకు కేఎఫ్ఎఫ్ అనే అంతర్జాతీయ కోడ్ కూడా ఉంది. ఏ ఫైలు పేరులోనూ అది మాకు కనబడలేదు.

నిరుడు మా ఊళ్ళో రేల పాటలు పాడే అవ్వ పోయింది. అంతకు రెండేళ్ళ ముందు విత్తనాల పండుగలో ఆమె పాటలు మేమే రికార్డు చేశాం. వెతికితే మూడు ఫోన్లలో వందల ఫైళ్ళు, అన్నిటికీ ఫోను పెట్టిన అంకెలే. రెండు రాత్రులు కూర్చుని ఒక్కోటి విన్నాం. సగం పాట దొరికింది. మిగతావి ఎవరో జాగా కోసం తుడిచేశారు. పేరు లేదు కదా, ఏమని ఆపుకుంటారు?

సినిమా పేరులో ప్రతి చుక్కకూ అర్థం చెప్పిన మేము, అవ్వ పాటకు పేరు పెట్టలేదు.

ఇప్పుడు పెడుతున్నాం: పాట పేరు, పాడినవారు, ఊరు, ఏడు, కేఎఫ్ఎఫ్. మధ్యలో చుక్కలు. మీ ఫోన్లలో పెద్దల పాటలు, కథలు ఉంటే, వాళ్ళను అడిగి, ఈ రాత్రే పేర్లు పెట్టండి. గోండి, కువి, కొలామి ఏదైనా సరే, మీ భాష పేరు తప్పకుండా రాయండి.

జై ఆదివాసీ.