చెమ్మ ఉన్న నేల



నంద్యాల నుండి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. శిరివెళ్ల మీదుగా బస్సు వెళుతుంటే ఎడమవైపు దూరంగా నల్లమల కొండలు తోడుగా వస్తాయి. కుడివైపు కుందూ నది దాకా నల్లరేగడి చేలు పరచుకొని ఉంటాయి. ఆళ్లగడ్డ చేరేసరికి రోడ్డు పక్కన శిల్పుల ఉలి చప్పుడు వినబడుతుంది. పరిచర్య నిమిత్తం ఈ దారిన ఎన్నోసార్లు తిరిగాను. కొండలు చూశాను, కాలువలు చూశాను. నేలను చూడడం మాత్రం ఒక కౌలు రైతు దగ్గర నేర్చుకున్నాను.

అది 2023 అక్టోబరు. ఆ ఏటి ఆగస్టు నెలలో దేశం మొత్తం మీద కురిసిన వాన, 1901 నుండి ఉన్న లెక్కలన్నిటిలో ఆగస్టు నెలకు అతి తక్కువ. మా వైపు అక్టోబరులోనూ మబ్బులు మొహం చాటేశాయి. ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఆ సహోదరుడు నన్ను తన చేనికి తీసుకొని వెళ్లాడు. పారతో జానెడు లోతు తవ్వి, మట్టి తీసి నా చేతిలో పెట్టాడు. అది ముద్ద కట్టలేదు, పొడిపొడిగా రాలిపోయింది.

“అయ్యగారూ, పైన రోంత తడి ఉండాది గానీ లోపల పదను లేదు. శనగ వేసేదా, వద్దా? ప్రార్థన చేసి మీరే చెప్పండి” అన్నాడు.

నేను ప్రార్థన చేశాను. “విశ్వాసంతో విత్తు, దేవుడు వాన ఇస్తాడు” అన్నాను.

ఆయన అప్పు తెచ్చి విత్తాడు. మొలక వచ్చింది, జానెడు ఎత్తు లేచింది, తరువాత ఎండిపోయింది. కౌలు పైకం ముందే కట్టేశాడు. ఆ ఏడు కోత పండుగకు తనకు దక్కిన దానిలో నుండి దోసెడు శనగలు తెచ్చి కానుకల బల్ల మీద పెట్టాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ దోసెడు శనగలు చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను చెప్పినదానిలో తప్పు ఎక్కడ ఉంది? దేవుడు వాన ఇవ్వగలడన్నది సత్యమే. కాని నేల చెబుతున్న మాటను నేను వినలేదు.

రేగడి నేలకు దేవుడు విచిత్రమైన గుణం ఇచ్చాడు. ఎండాకాలంలో అది నెర్రెలు విచ్చుతుంది. తొలివానల నీరు ఆ నెర్రెల్లో నుండి లోతుకు దిగుతుంది. అప్పుడు మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. యోసేపు సమృద్ధి గల ఏండ్లలో ధాన్యం కొట్లలో దాచినట్టు, ఈ నేల వానను తన కడుపులో దాచుకుంటుంది. అందుకే వానలు వెనుకపట్టిన తరువాత వేసిన శనగ, జొన్న ఆ చెమ్మ మీదనే పండుతాయి. అయితే ఈ జిగట మట్టి కొంత నీటిని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, దానిని వేళ్లు కూడా లాగుకోలేవు. కనుక కాస్త తడి కనబడినంత మాత్రాన అది పదను కాదు.

మన తాతలకు ఇది బాగా తెలుసు. 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్ర నుండి కర్నూలు–కడప కాలువ తవ్వించింది. వానలు మామూలుగా పడిన ఏండ్లలో రేగడి రైతులు పైకం కట్టి ఆ నీరు తీసుకోవడానికి పెద్దగా ముందుకు రాలేదు. నేలలోని చెమ్మే వారికి చాలు. 1876లో ధాత కరువు వచ్చి నేల కడుపు ఎండినప్పుడు కాలువ విలువ తెలిసింది. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొన్నది. నేడు దాని కింద ఆయకట్టు సుమారు 2 లక్షల 65 వేల ఎకరాలు. అయినా కాలువ అందని మెట్ట చేలకు ఇప్పటికీ నేలలో నిలిచిన చెమ్మే ఆధారం.

ఆ చెమ్మ మునుపటిలా నిలవడం లేదని పెద్దలు చెబుతున్నారు. కారణాలు మన కళ్లెదుటనే ఉన్నాయి. వాన పడితే కుండపోతగా పడి, నేలలో ఇంకకముందే వాగుల పాలవుతున్నది. ఎండ ముదిరి నేలను త్వరగా ఆరబెడుతున్నది. లోకమంతటా లెక్కకు వచ్చిన సంవత్సరాలలో 2024 అత్యంత వేడి సంవత్సరం. ఇంటింటా ఎద్దులు తగ్గాయి, చేనికి పశువుల ఎరువు తగ్గింది. ఎరువు లేని మట్టి నీటిని పట్టి ఉంచలేదు. 2015లో అమెరికావారు నేల తడిని కొలవడానికి ఒక ఉపగ్రహాన్ని పంపారు. అదైనా సూటిగా కొలిచేది పైన రెండు అంగుళాల మట్టినే. అంతకు కింద ఏమున్నదో చూడాలంటే మన పారతో తవ్వవలసిందే.

విత్తువాని ఉపమానాన్ని మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాశారు. రాతినేల మీద పడిన విత్తనం చెమ్మ లేక ఎండిందని చెప్పినవాడు లూకా ఒక్కడే. ఎన్నోసార్లు దానిమీద ప్రసంగించాను గాని చెమ్మ అన్న మాట దగ్గర ఎన్నడూ ఆగలేదు. ఏలీయా దేవునికి విధేయుడే, అయినా ఆయన నీళ్లు తాగిన కెరీతు వాగు ఎండిపోయింది. కాబట్టి చేను ఎండినవాని విశ్వాసం ఎండిపోయిందని ఎవరమూ అనరాదు. ఏడవ ఏట భూమికి విశ్రాంతి ఇవ్వాలని లేవీయకాండంలో దేవుడే ఆజ్ఞాపించాడు. కనుక పదను లేని ఏడు చేను బీడు పెట్టడం అవిశ్వాసం కాదు.

మరుసటి ఏడు విత్తే కాలానికి మళ్లీ ఆ చేనికి వెళ్లాను. ఈసారి ముందుగా పార నేను పట్టుకున్నాను. మెట్టున తవ్వాము, పల్లాన తవ్వాము. పల్లపు మట్టి ముద్ద కట్టింది, మెట్టు మట్టి రాలింది. పల్లంలో ఉన్న ఎకరంలో మాత్రమే విత్తాడు. అంతకుముందే వాలుకు అడ్డంగా దున్ని, గుంటక తోలి, చేని మూలన చిన్న కుంట తవ్వుకున్నాడు. విత్తిన తరువాత ఇద్దరమూ గట్టు మీద మోకరించాము. ఆ పల్లపు ఎకరం పండింది. మెట్టు బీడుగానే ఉంది. కాని ఆ ఏడు దానికోసం ఆయన కొత్త అప్పు చేయలేదు.

ప్రియులారా, వాన కొరకు ప్రార్థించడం మానవద్దు. దానితోపాటు కురిసిన వానను నిలుపుకుందాము. దంట్లు, ఆకులు తగులబెట్టక చేనికే తిరిగి ఇద్దాము. సంఘంలో భూమి గలవారు ఒక్క మాట ఆలోచించండి. చేను ఎండిన ఏడు మీ కౌలుదారుని దగ్గర పూర్తి కౌలు తీసుకోవడం న్యాయమేనా? మన కాపరులకు కూడా ఒక మనవి. రైతు సలహా అడిగినప్పుడు ముందు అతనితో కలిసి మట్టి తవ్వి చూడండి. ఆ తరువాత ప్రార్థించండి.

మన హృదయాలలోను, మన చేలలోను ప్రభువు చెమ్మను నిలుపును గాక. ఆమేన్.