ఇంటిలెక్కలో తల్లి పద్దు

ఒక్క బిడ్డతో చాలించుటయా, మఱియొక బిడ్డను గనుటయా యను విచారము నేడు మధ్యతరగతి యిండ్లలో తఱచుగా వినబడుచున్నది. "నారు పోసినవాడు నీరు పోయడా" యని పెద్దలందురు. నీరు దైవమే యీయవచ్చును గాని కావడి మోయునది తల్లి. ఆ మోతను ఇంటిలెక్కలో ఏల వ్రాయరాదని మేమడుగుచున్నాము.

తెలుగునాట సంతానము తగ్గినమాట నిజము. 1992-93 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటున 2.6 బిడ్డలు, 2019-21 నాటి సర్వేలో ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8. ఇద్దరికి మించి సంతానము గలవారు పంచాయతీ యెన్నికలలో నిలువరాదని 1994లో చట్టము చేసిరి. ఆంధ్రప్రదేశమున 2024లో ఆ నిబంధనను తొలగించిరి. నాడు తక్కువ గనుడనిరి, నేడు హెచ్చుగా గనుడనుచున్నారు. తల్లికి తీరిక యున్నదా యని మాత్రము నాడును నేడును అడిగినవారు అరుదు.

2024లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, జీతము లేని యింటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును దానికై వెచ్చించుచున్నారు. బిడ్డల సంరక్షణ యిందు చేరదు. అది వేఱు పద్దు.

ఇంటిలో చేసిన పనికి వెల కట్టుట క్రొత్త మాట కాదు. గడప దాటని స్త్రీలకు దాసీలద్వారా నూలుపని పంపి, నూలు తీరునుబట్టి కూలి యీయవలెననియు, కూలి యీయుటలో జాగు చేసిన యధికారి దండనార్హుడనియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. ఇక మన కాలమున, 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టమును 2017లో సవరించి, మొదటి యిద్దరు బిడ్డలకు వేతనముతోడి సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచిరి. మంచిదే. కాని యది కొలువు చేయు స్త్రీలకు. ఇంట కుట్టుపని చేయునామెకును, పొలము కూలికి పోవునామెకును ఆ సెలవు లేదు.

మా యిల్లు బడిపంతులు జీతముపై నడచునది. మాకొక కుమార్తె, ఆఱవ యేడు నడచుచున్నది. ఉదయసాయంకాలములందు మేము పొరుగుపిల్లలకు తెలుగును లెక్కలును చెప్పి నాలుగు రూకలు గడించుచున్నాము. మనుమడు కావలెనని మా యత్తగారి కోరిక. పంతులుగారు కాగితముపై పాలు, మందులు, బట్టలు, బడిజీతము వ్రాసి కూడిరి. మేము దాని క్రింద మఱియొక పద్దు వేసితిమి: బిడ్డ కొంత పెరుగువఱకు రెండేండ్లు మా తరగతి నిలిచిపోవును, విడిచిపోయిన పిల్లలు మరల చేరుటకు ఇంకొక యేడు. కుమార్తె పుట్టినప్పుడు జరిగినది అదియే. కూడి చూడగా ఆ యొక్క పద్దే పాలు, మందులు, బట్టలు మూడింటికంటెను పెద్దదయ్యెను. పంతులుగారు కొంతసేపు మాటాడలేదు.

"నేను చూచుకొనెద" నని యత్తగారనిరి. ఆమె మోకాళ్లనొప్పుల సంగతి యింటిల్లిపాదికి తెలియును. భారము కోడలి పద్దునుండి అత్త పద్దునకు మాఱినంతమాత్రమున తీఱినట్లు కాదు.

కావున సోదరీమణులారా, బిడ్డను గనుటకు ముందే కాగితము తీసి, "ఈ గంటలు ఎవరివి?" యని భర్తతో గూర్చుండి వ్రాయుడు. ఒక్క బిడ్డ చాలునని తేలినను, ఇద్దరు కావలెనని తేలినను మంచిదే. తెలిసి చేసిన నిర్ణయమునకు తరువాత నిష్ఠురము లుండవు.

మా నిశ్చయము చెప్పెదము. ఉదయపు రెండు గంటలు పంతులుగారు బిడ్డను చూచుకొని, మా తరగతి నిలువకుండ జూడగలిగిన రెండవ బిడ్డ. లేనియెడల కుమార్తెయే మాకు చాలును. పుట్టునది కొడుకా కూతురా యనునది యీ లెక్కలో చేరదు. ఒక నెలనుండి పంతులుగారు తెల్లవాఱుజామున లేచి, పాలు కాచి, అమ్మాయికి జడ వేయుచున్నారు. జడ యింకను వంకరగానే యున్నది. ఆఱు నెలలు చూచి చెప్పెదమని యత్తగారికి మనవి చేసితిమి.